రసంపండు కమలకుండా

యుద్ధంలో మిలట్రీ లారీలు తోలి వచ్చినవాణ్ణని నాకు కాస్త పొగరుండేది. నూజివీడులో మామిడికాయల షావుకారుగారి పాత కారుకు డ్రైవరుగా కుదిరాక అది ఇంకాస్త ముదిరింది. ఆయనకు వేగం ఇష్టం. అందుకని షాక్ అబ్సార్బర్లు గట్టిగా బిగించి ఉంచేవాణ్ణి. ఆ కారుకు అవి నూనె గొట్టాలు కావు. చక్రం దగ్గర రెండు ఇనప చేతులు, వాటి మధ్య బిళ్లలు, నడుమ ఒక నట్టు. బిగిస్తే కారు ఊగదు గానీ దారిలో ప్రతి రాయీ నడుముకు తెలుస్తుంది. వదులు చేస్తే రాళ్లు తెలియవు గానీ గుంటలో పడ్డ కారు ఎంతసేపటికీ ఊగుతూనే ఉంటుంది.

ఆ బిగింపుతోనే ఒకసారి షావుకారుగారి భార్యను ఆగిరిపల్లి తీసుకెళ్లి తెచ్చాను. అప్పుడావిడకు ఐదో నెల. వారం తిరక్కుండా గర్భం పోయింది. ప్రయాణం వల్ల కాదని డాక్టరమ్మ చెప్పిందట. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. నాకు మాత్రం తప్పు నాదేననిపించి చాలా రోజులు అన్నం సహించలేదు.

రెండేళ్లకు ఆవిడ మళ్లీ నెల తప్పారు. ఎనిమిదో నెల రాగానే బెజవాడ వచ్చి ఆస్పత్రి దగ్గరే ఉండాలని డాక్టరమ్మ పట్టుబట్టింది. దారంతా కంకర, దానికి తోడు మామిడి బండ్లు చేసిన చాళ్లు. షావుకారుగారు ఎడ్లబండి కట్టిస్తానన్నారు. బండిలో కుదుపు ఇంకా ఎక్కువని వాదించానే గానీ నాకూ భయమే. వారం రోజులు గడువు అడిగాను.

వెనక సీట్లో ఆవిడ బరువుకు సరిపడా బియ్యం బస్తా పెట్టి, దాని మీద గడ్డి పరిచి, మాగిన రసాలు పేర్చి ఆగిరిపల్లి దాకా తోలాను. సగం పండ్లు కమిలిపోయాయి. నట్లు పూర్తిగా వదులు చేస్తే పండ్లు దొర్లి ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. ఇక పావు చుట్టు బిగించడం, తోలడం, దిగి పండ్లు నొక్కి చూడటం. బస్తాకు సీమంతం ఎప్పుడని షావుకారుగారు ఎగతాళి చేశారు. ఒళ్లు మండింది గానీ ఇంకో పావు చుట్టు బిగించి కారెక్కాను. కమిలిన పండ్లతో ఇంట్లో తాండ్ర పోశారు.

ఐదో రోజు ఒక్క పండూ కమలలేదు. మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. షావుకారుగారిని ముందు సీట్లోనే కూర్చోబెట్టాను. ఆయన వెనక ఎక్కితే నా లెక్కంతా తప్పుతుంది. బెజవాడ చేరేదాకా వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేకపోయింది.

ఆస్పత్రి ముందు ఆవిడ దిగి, కొంగులోంచి ఒక రసంపండు తీసి నా చేతిలో పెట్టారు. దారి పొడుగునా ఒళ్లో పెట్టుకున్నారట.

"చూడు, ఎక్కడా కమలలేదు. వచ్చేటప్పుడు వెనక ఇద్దరం ఉంటాం. ఆ బరువుకి కూడా సరిచేసి పెట్టుకో" అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. అవతలికి వెళ్లి ఆ పండు తిన్నాను.

నెలన్నరకు ఆడపిల్ల పుట్టిందని కబురొచ్చింది. పసిగుడ్డు బరువుకు నట్టు తిప్పాల్సిన పని లేదని నాకు తెలుసు. అయినా ఆ సాయంత్రమే బస్తా పక్కన చిన్న గుమ్మడికాయ ఒకటి పెట్టుకుని, ఆగిరిపల్లి దాకా తోలి చూశాను.