తుపాకీ ఎవరి మాట వినాలి

మా అత్తయ్య ఒక ఆదివారం చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పడం వల్ల మావారు సైన్యంలో చేరవలసి వచ్చింది. ఈ మాట ఎవరికి చెప్పినా నవ్వుతారు. ఆమె ఎదుట మాత్రం నేను ఎప్పుడూ అనలేదు.

అది చైనాతో యుద్ధం జరిగిన చలికాలం. మేము అల్లూరులో ఉండేవాళ్ళం, ఇప్పటికీ అక్కడే ఉన్నాం. మావారు హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. పాపకు ఇంకా నడక రాలేదు. యుద్ధం ఎక్కడో మంచుకొండల మీద జరుగుతోంది. మా పెరటి నుంచి చూస్తే వరిమడులు, వాటికవతల ఉప్పునేల, ఆ పైన సముద్రపు హోరు. అయినా సాయంత్రం పంచాయతీ రేడియో దగ్గర మగవాళ్ళంతా గుమిగూడి, చైనావాళ్ళు రేపు పొద్దున బిట్రగుంటలో రైలు దిగుతారన్నట్టు మాట్లాడుకునేవారు. పాపను చంకన వేసుకుని దడి పక్కన నిలబడి నేనూ వినేదాన్ని. డిగ్రీ చదివినవాళ్ళు ఆఫీసర్లుగా కావాలని ప్రభుత్వం పిలుపు ఇచ్చింది. మావారు కాలేజీలో ఎన్.సి.సి. చేసినవారు. ఆ వార్త విన్న రోజు నుంచి ఆయన నడకే మారింది.

ప్రాణభయం అందరికీ ఉండేదే. నాకు దానితోపాటు ఇంకొకటి కూడా ఉండేది. మద్రాసులో బి.ఏ. చదివేటప్పుడు మాకు రాజనీతి చెప్పిన లెక్చరరు గారు ఏ దేశం గురించి పాఠం మొదలుపెట్టినా, ముందు ఒక్కటే ప్రశ్న వేసేవారు: అక్కడ తుపాకీ ఎవరి మాట వింటుంది? నేను చదువుతున్న రోజుల్లోనే పాకిస్తాన్‌లో సైన్యం రాజ్యాంగాన్ని పక్కనపెట్టి తానే గద్దె ఎక్కింది. పరీక్షకు నేను రాసిపెట్టుకున్న జవాబు ఒక్కరోజులో పనికిరాకుండా పోయింది. అప్పుడు నవ్వుకున్నాం. నా పెళ్ళయ్యాక సిలోన్‌లో కొందరు ఆఫీసర్లు అదే పని చేయబోయి ముందే పట్టుబడ్డారు. వాళ్ళలో ఎక్కువమంది మాలాంటి క్రైస్తవులేనని పేపర్లో చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. ఆ తర్వాత బర్మాలో సైన్యం గద్దె ఎక్కింది. బర్మా వార్త మాత్రం పేపర్లో ఆగకుండా మా ఇంటి వరండాలోకే వచ్చి కూర్చుంది.

చిన్నమామయ్య, అంటే కాలం చేసిన మా మామగారి తమ్ముడు, వయసులో ఉండగానే బర్మాలోని రంగూన్ వెళ్ళి బియ్యపుమిల్లులో గుమాస్తాగా స్థిరపడ్డారు. భార్య అక్కడే పోయింది, పిల్లలు లేరు. యుద్ధం మొదలవడానికి కొంచెం ముందు ఒక ట్రంకుపెట్టెతో ఓడ దిగి మా ఇంటికి వచ్చేశారు. పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆయన చెప్పే కబుర్లు నాకు ఒక పక్క ఇష్టం, ఒక పక్క భయం.

"మొదటిసారి మిలిటరీవాళ్ళు వచ్చినప్పుడు మేమంతా సంతోషపడినామమ్మా," అన్నారు ఒకరోజు. "ఈదులు ఊడిపించినారు. ఊరకుక్కల్ని పట్టించినారు. ఆఫీసుల్లో లంచమంటే వొణికేవోళ్ళు. మళ్ళీ ఎలక్షన్లు పెట్టి, ఎట్టా వచ్చినారో అట్టనే ఎల్లిపోయినారు. మా తెలుగు చర్చిలో వాళ్ళకోసరం ప్రార్థన కూడా చేసినాం, ఇంత మంచోళ్ళుంటారా అని. రెండేళ్ళకి తిరిగొచ్చినారు. ఈసారి పోలా."

"ఎందుకు పోలేదు చిన్నమామయ్యా?"

"ఒకసారి కూర్చుని చూసినారు గదా. కుర్చీ మెత్తగా ఉండాదని తెలిసిపోయింది."

మావారు పెద్దగా నవ్వారు. చిన్నమామయ్య నవ్వలేదు. "నవ్వతావేంది అబ్బాయ్? ఆ ఏడే యూనివర్సిటీ పిల్లకాయల మీద కాల్చినారు. కాల్చినోళ్ళు ఎవురనుకున్నావు? యాడో అడివిలోంచి వచ్చినోళ్ళు కాదు. మా మిల్లు ముందు టీ తాగి, అయ్యా బాగుండావా అని పలకరించి పోయిన కుర్రోళ్ళే."

మావారితో ఈ విషయం మీద చాలా రోజులు వాదించాను. "మనది అటువంటి సైన్యం కాదు. ప్రభుత్వం చెప్పందే గడప దాటదు," అనేవారు ఆయన. "అక్కడివాళ్ళు కూడా అట్లాగే అనుకున్నారు కదా," అనేదాన్ని. "నువ్వు పరీక్షకు చదివింది తలుచుకుని భయపడుతున్నావు," అనేవారు. నిజమే. కానీ నా భయం దేశం గురించి మాత్రమే కాదు. తప్పు చేసిన పిల్లవాడి చెవి మెలిపెట్టడానికి కూడా చెయ్యి రాని మనిషి ఈయన. రేపు ఎవరో కాల్చమంటే కాలుస్తాడా? కాలిస్తే మళ్ళీ ఈ మనిషే మా ఇంటికి తిరిగి వస్తాడా?

అప్పటికే దరఖాస్తు పెట్టారు. బెంగుళూరులో ఇంటర్వ్యూకు రమ్మని పిలుపు కూడా వచ్చింది. ఆ శనివారం పాపకు జ్వరం. తడిగుడ్డ వేస్తూ మళ్ళీ అడిగాను. ఆయన పాప కాళ్ళు పట్టుకుని చాలాసేపు కూర్చుని, "సరేలే, వెళ్ళను. అమ్మకు నేనే మెల్లగా చెబుతాను," అన్నారు. ఎన్నో రోజుల తర్వాత నేను కడుపునిండా అన్నం తిన్నాను.

మర్నాడు ఆదివారం. మా చర్చిలో ప్రసంగం తర్వాత పాస్టరు అయ్యగారు, సాక్ష్యం చెప్పవలసినవారు చెప్పవచ్చునంటారు. జబ్బు నయమైనవాళ్ళో, పంట చేతికొచ్చినవాళ్ళో లేచి, దేవుడు చేసిన మేలు నలుగురిలో చెప్పి, ఇంట్లో ఉన్నదేదో కృతజ్ఞతగా అర్పిస్తారు. అయితే మావాళ్ళలో ఇంకో అలవాటు ఉంది. ఇంకా చేతికి రానిదాని కోసం కూడా, వచ్చేసిందని నమ్మి ముందే కృతజ్ఞత చెప్పడం. అదే నిజమైన విశ్వాసమని పెద్దవాళ్ళ పట్టుదల. అత్తయ్య లేచింది. ఒక చేతిలో గుమ్మడికాయ, ఇంకో చేతిలో కాళ్ళు కట్టిన కోడిపెట్ట. పొద్దున ఆ పెట్టను గంప కింద నుంచి తీస్తుంటే, ఎవరికైనా ఇవ్వడానికేమో అనుకున్నాను.

"నా బిడ్డను ప్రభువు ఆఫీసరును చేసినాడు," అంది. "తండ్రి లేని బిడ్డను దేశానికి కాపలా పెట్టినాడు. స్తోత్రం."

చర్చి అంతా స్తోత్రం అంది. మగవాళ్ళ వైపు కూర్చున్న మావారిని చూశాను. తల వంచుకుని ఉన్నారు. అయ్యగారు ఆయన్ని ముందుకు పిలిచి, మోకరింపజేసి, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించారు. ఆ తర్వాత ఆవరణలో ఎప్పటిలాగే అర్పణలు వేలం వేశారు.

"ఎవురు పాడతారయ్యా ఆఫీసరుగారి కోడి! చైనావోణ్ణి పొడిచే కోడి!" అని వేలం పాడే ఆయన అరుస్తుంటే జనం నవ్వుతూ పాట పెంచేశారు. దాన్ని కొన్న ముసలాయన మావారి చేతులు పట్టుకుని, "మా పిల్లోళ్ళకి చదువు రాలా నాయనా. మా అందరి తరఫునా నువ్వు పోతాండావు," అన్నాడు.

ఇంటికి నడిచి వస్తూ, "అత్తయ్యా, ఇంటర్వ్యూకు పిలిచారంతే. ఇంకా తీసుకోలేదు," అన్నాను.

"పిలిచినోళ్ళు తీసుకోకుండా పోతారా? నమ్మకం లేకుండా మాట్లాడమాకు అమ్మాయ్."

ఆయన వెళ్ళనని నాతో అన్న మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి ఇక తావు కూడా లేదు. దేవుడికి ఇచ్చిన కృతజ్ఞతను వెనక్కి తీసుకునే పద్ధతి మాలో లేదు. "ఇప్పుడు నేను వెళ్ళకపోతే అమ్మ మళ్ళీ చర్చిలో ఏ ముఖంతో కూర్చుంటుంది?" అన్నారు మావారు. ఆయన వెళ్ళారు. వాళ్ళు తీసుకున్నారు.

మొదటి రెండేళ్ళూ సెలవులకు వచ్చినప్పుడల్లా ఆయనలో ఏం మారిందా అని వెతికేదాన్ని. దుప్పటి నాలుగు మూలలూ కలిపి మడతపెట్టడం, పాప పిలిచిన వెంటనే రాకపోతే కనుబొమ ముడవడం. ఇంతకుమించి ఏమీ కనబడేది కాదు. అయినా వెతకడం మానలేదు.

ఈ ఏడాది మొదట్లో మద్రాసు రాష్ట్రంలో హిందీకి వ్యతిరేకంగా విద్యార్థుల గొడవలు లేచాయి. రైళ్ళు ఆగిపోయాయి. నెల్లూరు నుంచి బస్సు మీద వచ్చే పేపరు కోసం మధ్యాహ్నమంతా గుమ్మంలోనే ఉండేదాన్ని. కొన్ని ఊళ్ళలో పోలీసుల చేత కాక సైన్యాన్ని పిలిచారని రాశారు. మావారి పటాలం అటువైపే ఉంది. ఉత్తరం లేదు. చిన్నమామయ్య పేపరు చదివి, మడిచి, దిండు కింద పెట్టుకున్నారు.

"మళ్ళీ పిల్లకాయలే," అన్నారు. అంతే.

చైనా యుద్ధమప్పుడు కూడా నేను అంత భయపడలేదు. మావారికి ఏమవుతుందోనని కాదు. ఆయన ఏం చేస్తారోనని. రాళ్ళు పట్టుకుని నిలబడిన ఆ పిల్లలు మావారు లెక్కలు చెప్పిన స్కూలు పిల్లలకన్నా నాలుగేళ్ళు పెద్దవాళ్ళయి ఉంటారు. చివరికి, క్షేమంగా ఉన్నానని రెండు వాక్యాల కార్డు వచ్చింది. అందులో ఇంకేమీ లేదు. ఆ రెండు వాక్యాలను నేను నమ్మలేకపోయాను.

ఎండలు ముదిరాక సెలవు మీద వచ్చారు. అత్తయ్య చేపల పులుసు చేసింది. చిన్నమామయ్య రెండు ముద్దలు తిని చెయ్యి ఆపారు.

"కాల్చినావా అబ్బాయ్?"

"అన్నం ముందరా అడిగేది ఆ మాట?" అంది అత్తయ్య. "బిడ్డను తిననీ."

"తింటా తింటానే చెప్పనీలే వదినా. నాకు ముద్ద దిగడం లా."

మావారు నావైపు చూశారు. పులుసు గిన్నె పట్టుకుని నేను అట్లాగే నిలబడిపోయాను.

"లేదు చిన్నాన్నా," అన్నారు. తర్వాత నెమ్మదిగా చెప్పారు. ఒక బజారు వీధిలో జనం ఎదురుగా నిలబడ్డారట. చెదిరిపోకపోతే కాలుస్తామని తమిళంలో రాసిన గుడ్డను ఇద్దరు జవాన్లు ఎత్తి పట్టుకున్నారట. అటువంటి చోట సైన్యం తనంతట తాను ఏమీ చేయకూడదు, మెజిస్ట్రేటు కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వాలి. ఆ మెజిస్ట్రేటు ఈయనకన్నా చిన్నవాడు.

"ఆయన పెన్ను మూత తీస్తాడు, మళ్ళీ పెడతాడు. ఏం చేద్దాం, మీరే చెప్పండి అన్నాడు నాతో. అది నేను చెప్పేది కాదు సార్, మీరు చెబితే నేను చేస్తాను అన్నాను. మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే చెప్పాను. ఈలోగా వెనకనుంచి జనం పలచబడ్డారు. సంతకం పెట్టలేదు."

"గాల్లోకి కాల్చి బెదిరించొచ్చు గదా?" అంది అత్తయ్య.

"గాల్లోకి కాల్చడం మా పద్ధతిలో లేదమ్మా. కాలిస్తే కింద గురిపెట్టి, మనుషుల మీదే కాల్చాలి."

నేనే అడిగాను. "ఆయన సంతకం పెట్టి ఇచ్చి ఉంటే?"

మావారు నా ముఖంలోకి చూసే జవాబు చెప్పారు. "కాల్చి ఉండేవాణ్ణి."

చిన్నమామయ్య మళ్ళీ ముద్ద కలపడం మొదలుపెట్టారు. "అదే మంచిదిలేమ్మా," అన్నారు నాతో. "ఎదర ఒకడు సంతకం పెట్టాలని ఉండాది గదా. రంగూన్‌లో అడిగే దిక్కే లేకపోయె."

ఆయన అన్నది తప్పు కాదు. నేను పరీక్షలో రాయవలసిన జవాబు కూడా అదే. అధికారమంతా తనకే ఇస్తానంటే వద్దన్న ఆఫీసరు మా ఇంట్లో పీట మీద కూర్చున్నారు. మన పక్క దేశాల్లో లేనిదేదో అదే. గర్వపడాలి. నేను గిన్నె కింద పెట్టి, ఎవరికీ ముఖం కనబడకుండా పెరట్లోకి వెళ్ళిపోయాను. ఆ వీధిలో ప్రాణాలు నిలిచింది ఈయన మంచితనం వల్ల కాదు. భయపడుతున్న ఒక కుర్రాడు పెన్ను కదపలేకపోవడం వల్ల. ఈసారి వచ్చేవాడు భయం లేనివాడైతే?

సెలవు పూర్తయి వెళ్ళేరోజు బిట్రగుంట దాకా నేనూ పాపా వెళ్ళాం. ప్లాట్‌ఫారం మీద, పాప పట్టాలవైపు పోకుండా పట్టుకుని ఉండగా, అడగకూడదనుకుంటూనే అడిగాను.

"మళ్ళీ అటువంటిది వస్తే, కాగితం తీసుకునే ముందు ఆ సంతకం పెట్టేవాడి ముఖం ఒకసారి చూడండి."

"ముఖం చూస్తే ఏమవుతుంది?"

"తెలియదు. చూడండి."

సిగ్నల్ పడింది. "చూస్తాను," అన్నారు.

ముఖం నచ్చకపోతే ఆగవచ్చునని వాళ్ళ పద్ధతిలో ఎక్కడా లేదు. ముఖం నచ్చక ఆగిన ఆఫీసరు, ముఖం నచ్చక ముందుకు పోయి తానే గద్దె ఎక్కే ఆఫీసరుకు ఎంత దూరంలో ఉంటాడో మా లెక్చరరు గారి దగ్గర చదువుకున్న నాకు తెలుసు. ఆయనకూ తెలుసు. తెలిసే అడిగాను, తెలిసే ఒప్పుకున్నారు. ఇప్పుడు పడమటి సరిహద్దులో మళ్ళీ ఏదో మొదలైందని రేడియో చెబుతోంది. ఆయన పటాలాన్ని అటు పంపుతారని కార్డు వచ్చింది. ఊరంతా అయ్యో అంటోంది. అక్కడైతే ఎదుట ఉండేది శత్రువు, ఎవరి సంతకమూ అక్కర్లేదు కదా అని నా మనసు ఒక్క క్షణం తేలికపడింది. అట్లా తేలికపడినందుకు సిగ్గేసి పాపను దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. నిద్ర రావడం లేదు.