ఫొటో లేని సంబంధం

పెళ్లి విషయంలో తండాకు ఉన్నంత తొందర గోదావరి వరదకు కూడా ఉండదు. సువర్ణ మొగుడితో విడిపోయి ఏడాది తిరగకముందే, తిరుమలాయపాలెం దగ్గరి తండాలో ఆమె అన్న కోటేష్ రెండో సంబంధాలు చూడడం మొదలుపెట్టాడు. ఒకాయనకు ముగ్గురు పిల్లలు. ఇంకొకాయనకు పొద్దున్నే సారా పడాలి. "నౌకరీ ఉన్న పిల్లవని ఒప్పుకుంటుండ్రు" అనేవాడు కోటేష్. ఒప్పుకోవలసింది తానని ఒక్కడికీ తోచదేమని సువర్ణకు ఒళ్లు మండేది.

ఆమె దుమ్ముగూడెం మండలంలో నర్సు. అడవి పల్లెలు తిరిగి పసిపిల్లలకు టీకాలు వేస్తుంది. మొదటి పెళ్లి పెద్దలే చేశారు. మొగుడు ఇంకొకామెను తెచ్చుకుంటే పెద్దలే కూర్చుని తెగదెంపులు చేశారు. రెండుసార్లూ ఆమెను అడిగిన పుణ్యాత్ముడు లేడు. ఈసారి తన మనిషిని తానే చూసుకోవాలని, ఖాయమయ్యేదాకా ఆ సంగతి చీమకు కూడా తెలియకూడదని ఆమె పట్టు. తెలిసిందా, "నర్సమ్మ కంప్యూటర్లో మొగుణ్ణి దేవులాడుతున్నదట" అని తండా అంతా నవ్వుతుంది. మర్నాడే కోటేష్ ఆ ముగ్గురు పిల్లల తండ్రికి మాట ఇచ్చేస్తాడు. తండాలో ఎవరి నోట్లోనూ నువ్వుగింజ నానదు.

అది 2007. భద్రాచలం బస్టాండు వెనక సందులో ఉషారాణి అనే ఆమె ఇంటర్నెట్ సెంటర్ నడిపేది. ఆమె భర్తకు మణుగూరు బొగ్గు గనిలో పని. సువర్ణ ఆదివారాలు బస్సెక్కి అక్కడికి వచ్చేది. మూల క్యాబిన్‌లో కూర్చుని పర్దా వేసుకునేది. పెళ్లి సంబంధాల సైట్‌లో ఆమె వివరాలు పెట్టించింది ఉషారాణే.

"ఫొటో పెడితే జల్దీ సంబంధాలొస్తయట గదక్కా?" అంది సువర్ణ మొదటి రోజు.

"వస్తయ్. వాటెంబడి ఇంకేమేమో గూడ వస్తయ్. కాలు జారితే తీసుకోవచ్చు పిల్లా, ఫొటో జారితే తీసుకోలేం."

పేరు పూర్తిగా రాయనివ్వలేదు. ఊరు, పనిచేసే చోటు అసలే వద్దంది. ఖమ్మం జిల్లా, బంజారా, దవాఖానాలో ఉద్యోగం, అంతే. పేరు తెలియని కొత్త మెయిల్ తెరిపించింది. ఫోన్‌కు వేరే సిమ్ కొనిపించింది. సువర్ణ లేచి వెళ్లాక కంప్యూటర్ చూస్తే మెయిల్ తెరిచే ఉండేది. "తలుపు బార్లా తీసి బజారుకు పోయే ఇల్లాలివి నువ్వు" అని వెనక్కి పిలిచి, ఆమె చేతనే మూయించేది.

వచ్చిన వాళ్లలో బలరాం నాయక్ ఒక్కడు నచ్చాడు. ఇల్లందు వైపు తండా అని, గనిలో ఉద్యోగమని రాశాడు. ఫోన్‌లో ఎప్పుడూ తెలుగే, మాట మెత్తన. నాయక్ అని లంబాడోళ్లలో ఎవరైనా పెట్టుకుంటారు, దానితో వంశం తెలియదు. సువర్ణ అతని ఇంటిపేరు అడగలేదు. అడిగితే తనదీ చెప్పాలి, చెబితే తన తండా పట్టుబడుతుందని భయం. అతనూ అడగలేదు. తండా మనిషి ఎదురైతే మంచినీళ్లకన్నా ముందు ఇంటిపేరే అడుగుతాడు. అయినా ఆమె దాన్ని మర్యాద అనుకుంది. మనసు ఒకసారి మొగ్గితే ఇలాంటి సర్దుబాట్లు ఎన్నైనా చేసుకుంటుంది మరి.

అసలు ఆమెను కట్టిపడేసింది బలరాం కాదు, అతని తల్లి. "మా అమ్మ అడుగుమన్నది, అన్నం తిన్నవా?" అనేవాడు ఫోన్ ఎత్తగానే. తల్లికి మోకాళ్ల నొప్పులంటే సువర్ణ ఏ మందు రాయాలో చెప్పేది. "ఎండల తిరగొద్దని చెప్పు ఆ పిల్లకు అంటున్నది అమ్మ" అని అతనంటే, ఆ పూట ఆమెకు ఎండ తెలిసేది కాదు. సొంత తల్లి పోయాక సువర్ణను తిన్నావా అని అడిగినవాళ్లు లేరు.

కొన్నాళ్లకు అతను ఫొటో అడిగాడు. సువర్ణ తన ఇంటిపేరు లావుడ్యా అని మెయిల్‌లో చెప్పేసి, వచ్చే ఆదివారం ఫొటో పంపుతానంది. స్టూడియోకు పోయి, నెమలి కంఠం రంగు చీరలో దిగింది. ఆదివారం ఉషారాణి దాన్ని స్కాన్ చేసి కంప్యూటర్లోకి ఎక్కించింది.

"పంపుడు నీ ఇష్టం. ఇల్లు అలకంగనే పండుగ కాదు, యాది పెట్టుకో."

సువర్ణ నవ్వుకుంటూ ముందు అతని జవాబు తెరిచింది. "అమ్మకు చెప్పిన. లావుడ్యా పిల్ల అనంగనే మస్తు సంతోషపడ్డది. మన మూడ్ వాళ్లింటికి గసుంటి కోడలే రావాలె అన్నది. ఫొటో జల్దీ పంపు."

ఆమె దాన్ని మళ్లీ చదివింది. నవ్వు మాయమైంది.

"ఏందే, ఏమైంది?" అంది ఉషారాణి.

"మూడ్, లావుడ్యా అన్నదమ్ములక్కా. ఇంటిపేర్లు వేరైనా వంశమొక్కటే. ఆయన నాకు అన్న అయితడు."

"ఈ కాలపోడు, పట్టింపు లేదేమో?"

"ఆయనకు లేకపోవచ్చు. వాళ్లమ్మకు? తండాల పుట్టిన ఏ ముసలామైనా బిడ్డను కోడలంటవారా అని నెత్తి కొట్టుకుంటది. సంతోషపడుతదా?"

సువర్ణ అక్కడే ఫోన్ తీసి అతనికి కలిపింది.

"అమ్మకియ్యి ఒకసారి. మన లంబాడి భాషల మాట్లాడతా."

"అమ్మ... చేన్లకు పోయింది."

"మోకాళ్ల నొప్పులతోనా? సరే, నువ్వే మాట్లాడు మన భాషల."

ఈసారి వచ్చిన గొంతులో మెత్తదనం లేదు. "గవన్నీ ఎందుకే? ముందు ఫొటో పంపు."

సువర్ణ ఫోన్ పెట్టేసి, "లంబాడోడే కాదక్కా, అమ్మ గూడ అబద్ధమే" అంటూ సిమ్ ఊడదీసింది. కంప్యూటర్లో ఫొటో తనే తీసేసింది. మెయిల్ మూసింది, ఈసారి ఎవరూ గుర్తు చేయకుండానే. వాడి చేతిలో ఆమె ముఖం లేదు, ఊరు లేదు, పూర్తి పేరు లేదు. ఉన్నదల్లా ఒక ఇంటిపేరు. ఆ ఇంటిపేరు గల ఇళ్లు జిల్లాలో వందలున్నాయి.

"బతికిపోయినవ్ పో," అంది ఉషారాణి ఊపిరి పీల్చుకుని. "సైట్లకెల్లి నీ పేరు గూడ తీసెయ్యాల్నా?"

"వద్దు. ఉండనియ్యి. ఇగ ఇంటిపేరే ముందుగాల అడుగుత."

గట్టిగానే అన్నది. ఉషారాణి టీ తెప్పించింది. రెండు గుక్కలు తాగాక సువర్ణ గ్లాసు పక్కన పెట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గట్లాంటోని కోసం ఏడుస్తరానే?" అని కసిరింది ఉషారాణి.

"వాడు పోతే పోయిండక్కా," అంది సువర్ణ. "ఆ ముసలామె మంచిదుండె."