తాడు బావ చేతిలో ఉంటేనే

నిన్న పొద్దున భీమవరంలో ఆటో ఎక్కబోతుంటే అక్క ఫోన్.

"బావ పోయాడురా. కాఫీ కలిపి తెచ్చేలోపే పోయాడు."

మొన్న ఆదివారమే కదా, నేను కట్టిస్తున్న ఇంటి మేడమెట్లు మరీ నిటారుగా ఉన్నాయని ఫోన్లో చీవాట్లు పెట్టాడు! ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

మా బావ సత్తిబాబు. సివిల్ ఇంజనీరు. రాజమండ్రిలో పుట్టి, గోదావరి మీదే బ్రిడ్జిలు కట్టి, చివర్లో పోలవరం కాలవల పనిలో రిటైరయ్యాడు.

తన పెళ్లిలో పీటల మీద కూర్చోబోతూ పందిరి గుంజ ఊపి చూసిన పెళ్లికొడుకు. ఆ రోజు మేమంతా పడీపడీ నవ్వాం.

సైట్లో మాత్రం బావ ముందు ఎవరూ నవ్వేవాళ్లు కాదు. తొంభైల్లో నేనూ అదే కంపెనీలో స్టోర్స్ చూసేవాణ్ణి. కళ్లారా చూసిందే చెబుతున్నాను.

నరసాపురం వైపు ఒక బ్రిడ్జి. స్తంభానికి పునాదిగా నదిలోకి పెద్ద కాంక్రీటు బావి దించుతాం. లోపలి ఇసుక తోడుతుంటే అది తన బరువుకి తానే దిగుతుంది. మా బావి ఒక పక్క దిగి, రెండో పక్క ఆగిపోయింది. అడుగున పాత మాను ఏదో అడ్డం పడింది.

ఎగువన వరద మొదలైందని కబురు. నీళ్లు వచ్చేలోపు బావిని నిలబెట్టకపోతే ఇన్ని నెలల పనీ గోదాట్లో కలిసినట్టే.

ఆ మాను కోయడానికి దిగాల్సింది మా డైవరు నూకరాజు. చేపలు పట్టే కుటుంబం. ఆ బురదనీళ్లలో తన చెయ్యి తనకే కనపడదు. నోటికి గాలి గొట్టం, నడుముకు తాడు. పైనుంచి తాడు రెండుసార్లు లాగితే "బాగున్నావా?" అని. కింద నుంచి రెండుసార్లు లాగితే "బాగున్నాను" అని.

ఆ తాడు బావ ఎవరికీ ఇచ్చేవాడు కాదు. "దింపింది నేను. పట్టుకోవాల్సిందీ నేనే" అనేవాడు. ఇంజనీరు చేసే పనేనా అది అని మేనేజరుకు ఒళ్లు మంట.

నూకరాజు దిగాడు. కాసేపటికి బావి ఒక్క కుదుపు కుదిపింది. అంచు మీద నిలబడ్డ మేం పడబోయి ఆగాం.

బావ రెండుసార్లు లాగాడు.

జవాబు లేదు.

మళ్లీ లాగాడు. తాడు బిగుసుకుపోయి ఉంది.

"పైకి లాగెయ్యండి, మనిషి పోతాడు!" అని మేనేజరు అరిచాడు.

"లాగు బావా, నీకు దణ్ణం పెడతాను!" అని నేను.

ఒడ్డున నూకరాజు భార్య కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది.

"తాడు ముట్టుకున్నవాణ్ణి గోదాట్లోకి తోసేస్తాను!" అన్నాడు బావ. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. "తాడూ గొట్టమూ కలిసి మానుకి చుట్టుకున్నాయి. లాగితే గాలి గొట్టం తెగుద్ది. బుడగలొస్తున్నాయి, బతికే ఉన్నాడు."

లాగాల్సింది పోయి, కొంచెం కొంచెంగా తాడు వదులు చేశాడు. కళ్లు మాత్రం ఆ బుడగల మీదే.

నేనూ ఆ బుడగలే లెక్కపెడుతున్నాను.

తాడు కదిలింది.

ఒకటి. రెండు.

పైకొచ్చాక నూకరాజు అన్నాడు, "బాబుగారు వదులు చేయబట్టి తప్పించుకున్నానండి. లాగుంటే అక్కడే ఉండిపోదునండి."

బావ టీ గ్లాసు పట్టుకోలేకపోయాడు. సగం చొక్కా మీద పోసుకున్నాడు.

మర్నాడు మళ్లీ దిగుతానన్నది నూకరాజే. తాడు బాబుగారు పడితేనే అన్నాడు. మాను తెగింది, బావి సర్దుకుంది, ఆ తర్వాతే వరద వచ్చింది. ఇప్పుడు మీరంతా బస్సులో ఆ బ్రిడ్జి మీద కునుకు తీస్తూ దాటేస్తుంటారు.

నిన్న సాయంత్రం నూకరాజు అక్కావాళ్లింటికి వచ్చాడు. జుట్టంతా తెల్లబడిపోయింది. బావ పక్కన కూర్చుని, చెయ్యి తన చేతిలోకి తీసుకుని, మెల్లగా రెండుసార్లు లాగాడు.

ఆగాడు. చాలాసేపు ఆగాడు.

మళ్లీ లాగాడు.

అప్పటిదాకా ఏడవని అక్క అప్పుడు భోరున ఏడ్చింది.

ఇక్కడ అందరం బాగున్నాం బావా. నువ్వింక ఎవరి కోసమూ కాచుకుని కూర్చోనక్కర్లేదు. గోదారి గాలికి హాయిగా నిద్రపో.