దెబ్బ కనపడని పళ్ళాలు

శాలిబండలో మా ఇంటి ముందు గదే మా కార్ఖానా. అందులో ఒక కొలిమి, రేకును ఆనించి కొట్టే రెండు దాగళ్ళు, గోడకు సైజు ప్రకారం తగిలించిన సుత్తులు ఉండేవి. మా నాన్న, మేము పిలిచే బాపు, ఇత్తడి రేకును కాల్చి, కొట్టి పళ్ళాలు, బిందెలు, పాన్‌దాన్లు చేసేవాడు. నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా ముగించి, ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టుకుంటూ ఇంట్లో ఉన్న రోజులవి. అప్పటికే ఇళ్ళలోకి స్టీలు వచ్చేసింది. పెళ్ళిళ్ళలో సైతం స్టీలు బిందెలే పెడుతున్నారు. మా గల్లీలో కొలుములు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. తర్వాతి వంతు మాదేనని ఇంట్లో అందరికీ తెలుసు. పైకి ఎవరమూ అనేవాళ్ళం కాదు.

అప్పుడు అఫ్జల్‌గంజ్ సేఠ్ కబురు పంపాడు. ఆయన బయటి దేశాలకు సరుకు పంపే వ్యాపారి. మన దేశానికీ ఒక బయటి దేశానికీ కొత్తగా వ్యాపార ఒప్పందం కుదిరిందట. దాని ప్రకారం ఇక్కడ చేతితో చేసిన ఇత్తడి సామానుకు అక్కడ దిగుమతి సుంకం ఉండదు. సుంకం పోతే మన పళ్ళెం అక్కడి మిషను పళ్ళెంతో ధరలో పోటీపడగలదు. బాపూ నేనూ వెళితే సేఠ్ ఇంగ్లీషు కాగితం నా చేతికిచ్చాడు. నేను షరతులను విడదీసి బాపుకు చెప్పాను. ఒకటి, సరుకు ఈ దేశంలోనే తయారవ్వాలి. రెండు, దానికి ఆకారం చేతిపనితోనే రావాలి. మూడు, సర్కారు అధికారి చూసి సర్టిఫికెట్ ఇవ్వాలి.

"గింతేనా?" అన్నాడు బాపు. "మన తాన చెయ్యి గాక ఇంకేమున్నది?"

"గందుకే నిన్ను పిలిచిన భాయ్," అన్నాడు సేఠ్. "ఈ మాల్ పాస్ అయితే నీకు సాల్ భర్, ఏడాదంత పని. కాకుంటే నీకూ లేదు, నాకూ లేదు."

మా పనివాళ్ళలో ఒక పట్టింపు ఉంది. సుత్తి దెబ్బ పైకి కనిపిస్తే అది కచ్చా పని. పెళ్ళికొచ్చిన చుట్టాలు బిందెను వెలుతురుకు పట్టి వేలితో తడుముతారు. గుంట తగిలితే, "ఇంకా నేర్చుకుంటున్నవా బావా?" అని నలుగురిలో అంటారు. ముందు వేసిన దెబ్బలను చివరి దెబ్బలతో చెరిపెయ్యడమే మాలో పనితనం. ఈసారి బాపు అక్కడితో ఆగలేదు. బయటి దేశం వాళ్ళ ఇళ్ళకు పోయే సామాను కదా అని, సేఠ్ కోసం కొట్టిన పళ్ళాలన్నిటికీ బఫింగు మోటారు మీద రెండు వైపులా మెరుగు పెట్టించాడు. బాపుకు అన్న, మా పెద్దబాపు, వచ్చి చూశాడు. ఆయనదీ ఇదే పని, పక్క గల్లీలో.

"అద్దాలు జేసినవేందిరా, పళ్ళాలేవి?" అన్నాడు. ఆయన నోట అంతకన్నా పెద్ద మెచ్చుకోలు నేను వినలేదు.

అధికారి సేఠ్‌తో కలిసి వచ్చాడు. మర్యాదస్తుడు. ఒక పళ్ళెం తీసి అటూ ఇటూ తిప్పాడు. ఇంకొకటి తీసి దాని మీద పెట్టి అంచులు చూశాడు.

"ఇది మిషన్ మాల్," అన్నాడు.

బాపు ఒక రేకు తీసుకుని దాగలి ముందు కూర్చుని కొట్టడం మొదలుపెట్టాడు. అంచు లేచి, రేకు పళ్ళెం అయ్యేదాకా అధికారి స్టూలు మీద కూర్చుని చూశాడు.

"నేను నమ్మిన పెద్దాయనా," అన్నాడు చివరికి. "కానీ సరుకు దిగే రేవుల నువ్వుండవు గద. పళ్ళెం ఒక్కటే ఉంటది. దాని మీద చెయ్యి కనపడాలె. లేకుంటే వాళ్ళు సుంకమేస్తరు, నన్ను అడుగుతరు."

"ఏం కనపడాలె సారు?"

"దెబ్బలు."

"అవి కనపడకుండ కొట్టుడు నేర్వనీకే సగం ఉమర్ వొయింది సారు."

అధికారి వచ్చే వారం మళ్ళీ చూస్తానని చెప్పి వెళ్ళిపోయాడు. సేఠ్ మాత్రం కదల్లేదు.

"ఒక్క వరస కొట్టు భాయ్. దుకాణం బతుకుతది."

"కొడితే పనోడు గాదంటరు సేఠ్."

"కొనేటోళ్ళు అక్కడున్నరు. అనేటోళ్ళు ఇక్కడున్నరు. ఎవరి దిక్కు చూస్తవో చూడు."

ఆయన వెళ్ళాక నేను చదువుకున్నది చెప్పాను. దెబ్బ పడ్డచోట ఇత్తడి ఇంకా గట్టిపడుతుంది, నష్టమేమీ లేదు అన్నాను.

"పళ్ళేనికి లేదు," అన్నాడు బాపు.

మర్నాడు పొద్దున ఆయన మెరుగు పెట్టిన పళ్ళేన్ని బోర్లించి దాగలి మీద పెట్టాడు. నడుమ నుంచి అంచుదాకా, చుట్లు చుట్లుగా, చెరపని దెబ్బలు వేస్తూ పోయాడు. సుత్తి చప్పుడుకు అలవాటుపడిన అమ్మ ఆ రోజు వంట మధ్యలో వచ్చి గడపలో నిలబడింది. చూసి లోపలికి వెళ్ళింది.

సరుకు పాసయింది. సేఠ్ మాట తప్పలేదు. ఒకదాని వెనక ఒకటి ఆర్డర్లు వచ్చాయి. గల్లీలో పని పోయినవాళ్ళు ఇద్దరు మా దగ్గర చేరారు. నలుగురికి చాలే పని ఇప్పుడుంది. ఇంటికెవరైనా చుట్టాలు వస్తే మాత్రం బాపు ఆ పళ్ళాల మీద గోనెపట్టా కప్పేవాడు.

ఒకరోజు కప్పకముందే పెద్దబాపు లోపలికి వచ్చాడు. ఒక పళ్ళెం తీసుకుని దాని మీద వేలు నడిపించాడు. ఆ వేలు ఒక్కో గుంట దగ్గరా ఆగుతుంటే మేమంతా పని ఆపి చూస్తున్నాం. బాపు తలెత్తలేదు.

పెద్దబాపు పళ్ళేన్ని జాగ్రత్తగా కింద పెట్టాడు.

"నా కొలిమి ఆర్పేసిన," అన్నాడు. "నాకు గూడ పనేమన్న ఉన్నదా?"

బాపు పక్కకు జరిగి చోటిచ్చాడు. తన చేతిలోని సుత్తిని పిడి అటువైపు తిప్పి అందించాడు.

"జర గట్టిగ కొట్టు అన్నా," అన్నాడు. "కనపడాలె."