విత్తు ముదిరేదాకా

బీజాపూర్‌లో నేను పాఠం చెప్పే కాలేజీ ల్యాబులో, సోమారి అనే పిల్ల చేతిలోని తుంగకాడ టప్ మంది. ఆ కాడ బోలు. లోపల అడ్డగోడలుంటాయి, నొక్కుతూ పోతే వరసగా టపటపమంటుంది. సోమారి పరీక్ష తప్పింది. చదువు మాన్పించడానికి వచ్చిన తండ్రి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. పిల్ల దిగులంతా ఆ కాడ మీద చూపిస్తోంది. ఆ చప్పుడుకు, చెరువు బురద వాసనకు నాకు సరోజ మేడమ్ గుర్తొచ్చారు.

భోపాలపట్నంలో ఆవిడ మాకు వృక్షశాస్త్రం చెప్పేవారు. చీర కుచ్చిళ్లు దోపుకుని మాకంటే ముందే చెరువులోకి దిగేవారు. నేను కిరాణా దుకాణం వాళ్ల పిల్లను, బురదంటే రోత. ఒడ్డునే నిలబడి, "అన్నీ ఒక్క తుంగే గద మేడమ్!" అన్నాను.

"ఒక్కటా? దిగు, నీ సోకు పాడుగాను!" అని నవ్వారు.

చూడ్డానికి నిజంగానే అన్నీ ఒక్కటే. ఆకు లేదు, అందం లేదు. పచ్చటి పుల్ల, కొసన చిన్న కంకి. ఏది ఏ జాతో చెప్పేది ఆ కంకిలోని విత్తు, అదీ ముదిరాకే. ముందే పేరు చెప్పబోతే మేడమ్ ఊరుకునేవారు కాదు. "ఆగుండ్రి. అది చెప్పినంక మనం చెప్పాలె." వానలు వెనకబట్టాక మళ్లీ వెళ్లి కంకులు అరచేతిలో నలిపాం. ఒకదానిలో నల్లగా మెరిసే విత్తులు, పక్కదానిలో పసుపుపచ్చవి. భూతద్దంలో చూసి అబ్బ అని అరిచాను. ఆ రోజుతో బురద మీద రోత పోయింది.

రోత పోయింది సరే, పరీక్ష కూడా పోయింది. నాన్న నా పేరు తీయించడానికి కాలేజీకి వచ్చారు. "దీనికి సదువు అబ్బదు మేడమ్. దుకాణంల కూసుంటది," అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు.

మేడమ్ ఒక పచ్చి కంకి నాన్న చేతిలో పెట్టారు. "దీని పేరేంది సేఠ్?"

"నాకేం ఎరుక?"

"నాకూ ఎరుక లేదు. విత్తు ముదరలే. ఈ గడ్డిపుల్లకే ఆగుతున్నం. బిడ్డకు గప్పుడే పేరు పెడ్తిరా?"

నాన్న కంకిని జేబులో వేసుకుని వెళ్లిపోయారు. మర్నాడు పొద్దున నన్ను దుకాణంలో చూసి, "ఏందే, కాలేజీకి టైమైత లేదా?" అని కసిరారు. ఆ కసురుకు ఎంత సంతోషించానో!

సోమారి చేతిలోంచి కాడ తీసుకున్నాను. కొసన కంకి ఇంకా పచ్చిగానే ఉంది.

"లోపలికి రాండ్రి అన్నా," అని ఆమె తండ్రిని పిలిచాను. "జర ఇది పట్టుకోండ్రి."