రోడ్డుకి అవతల బక్రీ

వగీహ్ హాజీకి అభిప్రాయం లేని విషయమంటూ కైరో నగరంలో ఇంకా పుట్టలేదు. రొట్టెలు కార్డు గీకి ఇవ్వాలా, మొహం చూసి ఇవ్వాలా? ఆటోలకి నంబరు పలక ఉండాలా, అక్కర్లేదా? మెట్రోలో ఆడవాళ్ళ పెట్టె ముందుండాలా, మధ్యనుండాలా? ఏది అడిగినా ఆయన దగ్గర జవాబు సిద్ధం. అడక్కపోయినా సిద్ధమే. నీళ్ళ శాఖలో మీటర్లు చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. బతుకంతా జనం ఇళ్ళలో మెట్ల కింద వంగి అంకెలు చదివాడు కాబట్టి, ఇప్పుడు నడుం నిటారుగా పెట్టి నాలుగు మాటలు చెప్పే హక్కు తనకుందని ఆయన నమ్మకం.

కొత్తది ఏది వచ్చినా ఆయన దాని పక్షమే. ముందుగా డబ్బు నింపుకునే కార్డు మీటర్లు వచ్చి తన శాఖకే ఎసరు పెట్టినప్పుడు కూడా, "మంచిదేగా, ఇక ఎవడూ ఎవడింటి మెట్ల కిందా దూరక్కర్లేదు" అన్నాడు.

ఎదురుపక్షం బక్రీ. ఇళ్ళకి వెళ్ళి పాత పరుపులు విప్పి, దూది ఏకి, మళ్ళీ కుట్టిచ్చేవాడు. స్పాంజి పరుపులొచ్చాక ఆయన దూదేకే విల్లు గోడకెక్కింది. కానీ అప్పటికే ఆ వింటి మోత చెవిలో మోగీ మోగీ ఆయనకి బ్రహ్మచెవుడు పట్టించింది. ఎదురుగా కూర్చుని, పెదాలు చూపిస్తూ అరిస్తే వినిపిస్తుంది. ఫోన్లో మాత్రం ఆయనతో మాట్లాడటం కంటే పరుపుతో మాట్లాడటం నయం.

ఇద్దరి ఇళ్ళూ తూత్ వీధిలో ఎదురెదురే. బక్రీ ఇంటి కింద జాబిర్ టీకొట్టు. సాయంత్రం నమాజు కాగానే వగీహ్ చెప్పులీడ్చుకుంటూ వీధి దాటేవాడు. ఇద్దరి మధ్యా పాచికల పలక, రెండు గ్లాసుల టీ, దేశం మొత్తం. వగీహ్ ప్రభుత్వం తరఫున వాదించేవాడు, జీతం లేకుండా.

వీధిని వెడల్పు చేస్తారన్న కబురు వచ్చినప్పుడు ఇద్దరికీ పెద్ద రభసే అయింది.

"పది వరసలు రా బక్రీ! అటు అయిదు, ఇటు అయిదు!"

"పది వరసలు సరే, మనిషి నడవటానికో వరస ఉందా అందులో?" అన్నాడు బక్రీ.

"నీ బుర్రలో దూది ఇంకా ఏకలేదు."

"నీ బుర్రలో మీటరు మాత్రం బాగా తిరుగుతోంది. నీళ్ళే లేవు."

ఆ వారంలోనే టీవీ వాళ్ళు వచ్చారు. వీధిలో ఎవరూ మాట్లాడటానికి ముందుకు రాలేదు. వగీహ్ వచ్చాడు. కోటు వేసుకుని మరీ వచ్చాడు. మైకు పట్టుకుని, ప్రగతి గురించి, కెమెరాల గురించి, నిబంధనల గురించి దంచి, చివర రెండు చేతులూ రెక్కల్లా చాచి, "మేమిక నడవం, ఎగురుతాం!" అన్నాడు. ఆ ముక్క ఫోనుల్లో ఊరంతా తిరిగింది. ఎవరో దానికి కోడికూత కూడా జోడించారు.

రోడ్డు పడింది. చెట్లు పోయాయి, నడుమ నిలువెత్తు సిమెంటు గోడ లేచింది, బళ్ళు తూటాల్లా పోతున్నాయి. రోడ్డు మీదకి ఒక కాలిబాట వంతెన కట్టారు. దానికి లిఫ్టు కూడా పెట్టారు. లిఫ్టుకి తాళం వేశారు. తాళంచెవి ఉన్న కాపలామనిషికి ఇంకా చాలా వంతెనలు అప్పజెప్పారు కాబట్టి ఆయన ఎప్పుడూ వేరే వంతెన దగ్గరే ఉంటాడు. మెట్లెక్కడానికి వగీహ్ మోకాళ్ళు ఒప్పుకోవు. ఇక మిగిలింది మైక్రోబస్సు. ఎక్కి, ముందుకు పోయి, యూటర్న్ దగ్గర దిగి, అవతలి వైపు బస్సెక్కి వెనక్కి రావాలి. మొదట్లో కొన్నాళ్ళు అలాగే వెళ్ళాడు. తర్వాత బక్రీ ఉండే భవనం గోడ మీద ఎర్ర రంగుతో గుర్తు వేశారు. పక్కదారి కోసం దాన్నీ కొడతారట. ఆ గుర్తు పడ్డప్పటి నుంచి వగీహ్ వెళ్ళడం మానేశాడు. అడిగినవాళ్ళకి మోకాళ్ళు అని చెప్పాడు. బాల్కనీలో కూర్చుని, అవతల టీకొట్టు ముందు ఒక్కడే కూర్చున్న బక్రీని చూసేవాడు. బక్రీ ఇటు చూస్తే, ఎండిన బట్టలు తీస్తున్నట్టు నటించేవాడు.

ఆ రోజు మధ్యాహ్నం భార్య ఎహ్సాన్ బాల్కనీలోంచి, ఎప్పటిలాగే కూతురి పేరు కలిపి పిలిచింది.

"అబూ హనా! బక్రీ సామాను కిందికి దింపుతున్నారు."

వగీహ్ చిక్కుడు గింజలు ఒలుస్తున్నాడు.

"కూతురు సమాహ్ వచ్చింది. ఎడారిలో కట్టిన కొత్త ఊళ్ళో ఉంటుందిగా, అక్కడికి తీసుకుపోతోందంట. వ్యాను ఇంకాసేపట్లో వస్తుందంట."

"తెలుసు."

"తెలిస్తే ఇక్కడ గింజలు ఒలుస్తావేం? వెళ్ళు."

"వెళ్ళి ఏం చెప్పను?"

"నువ్వన్నదే నిజం, నేనన్నది తప్పు అని చెప్పు. ఆ ముక్కంటే మీసం ఊడి టీలో పడదులే."

వగీహ్ లేచాడు. ఆ మాట చాలా రోజులుగా ఆయన గొంతులో చేపముల్లులా ఉంది. మింగుదామంటే దిగదు, కక్కుదామంటే రాదు. బక్రీ ఆ ఎడారి ఊరికి పోయాక, మళ్ళీ మొహం చూసే యోగం ఉంటుందో లేదో.

కూతురు హనా ఆయన ఫోనులో కార్లు పిలిచే యాప్ పెట్టి ఇచ్చింది. సాంకేతికత మీద తనకున్న గౌరవాన్ని చాటుకునే అవకాశం ఇన్నాళ్ళకి వచ్చిందని, కిందకి దిగి రోడ్డంచున నిలబడి నొక్కాడు. బొమ్మలో కారు గబగబా వచ్చి సరిగ్గా ఆయన చుక్క మీదే ఆగింది. ఎదురుగా మాత్రం కారు లేదు. ఫోను మోగింది.

"హాజీ, వచ్చేశా. ఎక్కడున్నారు?"

"ఇక్కడే బాబూ, నీ ఎదురుగానే. ఊదారంగు స్వెట్టరు."

"కనపడరే?"

"రోడ్డుకి ఇవతల చూడు. గోడ మీదనించి నా చెయ్యి కనిపిస్తోందా?"

ఫోనులో కారు తలుపు తీసిన చప్పుడైంది.

"అవతలా! అటు రావాలంటే నేనెక్కడికో పోయి తిరిగి రావాలి హాజీ. మీరే ఇటు దాటి రండి."

"దాటగలిగితే నిన్నెందుకు పిలుస్తాను నాయనా?"

"పోనీ, వెళ్ళాల్సిందెక్కడికి?"

"నువ్వు నిలబడ్డ చోటికే."

"ఇవాళ నేనే దొరికానా హాజీ ఎగతాళికి?"

"అల్లా సాక్షి. నీ పక్కన టీకొట్టుందే, అక్కడికే."

"అయితే బండి చేరిపోయింది, మీరే చేరలేదు. క్యాన్సిల్ కొట్టండి."

"నువ్వే కొట్టు."

"నేను కొడితే నా మార్కులు పోతాయి. మీకేం మార్కులా, పరీక్షలా? కొట్టండి."

వగీహ్‌కి ఒక ఆలోచన వచ్చింది. "ఒక్క పని చెయ్యి నాయనా, నీ పిల్లలు చల్లగుండాలి. అక్కడ నీలం జుబ్బా ముసలాయన కూర్చున్నాడా? ఆయనకో మాట చెప్పు. గట్టిగా చెప్పాలి, చెవుడు."

"ఏం చెప్పాలి?"

వగీహ్ చుట్టూ చూశాడు. పైన బాల్కనీలో ఎహ్సాన్ నడుం మీద చెయ్యి వేసుకుని చూస్తోంది. గొంతు తగ్గించాడు. "రోడ్డు సంగతిలో బక్రీ మాటే నిజం. వగీహ్‌ది తప్పు."

ఆ డ్రైవరు గొంతు పెళ్ళి బాజా. చెవుడన్నారు కదా అని ఇంకాస్త పెంచాడు. "హాజీ బక్రీ! రోడ్డు సంగతిలో వగీహ్‌ది తప్పంట! వగీహే చెప్పమన్నాడు!" ఫోనులో టీకొట్టు మొత్తం నవ్వింది. అవతల జనం కుర్చీలెక్కి, గోడ మీదుగా ఒక్కొక్క తలే ఇటు తిరగడం వగీహ్‌కి కనిపించింది. దీపస్తంభం వెనక దాక్కుందామనుకున్నాడు గానీ, స్తంభం ఆయన కంటే సన్నం.

డ్రైవరు మళ్ళీ ఫోనులోకి వచ్చాడు. "చెప్పాను. నా నోటితో చెప్పిస్తే చెల్లదంటున్నాడు. వచ్చి తనే చెప్పమను, అంతదాకా వ్యానెక్కను అన్నాడు. ఇక క్యాన్సిల్ కొడతారా?"

వగీహ్ కొట్టాడు. వ్యానెక్కను అన్నాడు! ఆ మాటకి మోకాళ్ళలోకి కూడా కాస్త ప్రాణం వచ్చింది. చూపుడువేలు కిందికి పెట్టి గుండ్రంగా తిప్పాడు. యూటర్న్ దాకా పోవాలి అని దానర్థం. ఆ సైగ చూసి ఒక మైక్రోబస్సు కీచుమంటూ ఆగింది. ఎక్కి, వెనక వరసలో ఇరుక్కుని, చిల్లర ముందువాడి భుజం మీద తట్టి ఇచ్చాడు. అది చేతులు మారి డ్రైవరు దాకా పోయింది.

"యూటర్న్ దగ్గర ఆపు బాబాయ్," అన్నాడు.

"ఏ యూటర్న్?" డ్రైవరు అద్దంలోంచి చూశాడు. "అది మూసేశారుగా. నిన్న రాళ్ళు పెట్టారు. ఇక తిరగాలంటే పెద్ద వంతెన ఎక్కి, దిగి, అవతలి కూడలి దాకా పోవాల్సిందే."

"ఎందుకు మూశారు?"

"తిరిగే బళ్ళ వల్ల పోయే బళ్ళకి అడ్డమంట."

బస్సులో ఒకడు నిట్టూర్చాడు, ఒకావిడ శపించింది. వగీహ్ పక్కన కూర్చున్న లావుపాటి మనిషి మాత్రం ఆయన మొహంలోకి తేరిపార చూశాడు. చూసి, ఫోను తీశాడు. ఫోనులోంచి మొదట కోడి కూసింది.

"ఎగిరే హాజీ! ఒరేయ్, మన బస్సులో ఎగిరే హాజీ ఉన్నాడ్రా!"

"నేను కాదు," అన్నాడు వగీహ్.

"అదే కోటు మొహం! ఇప్పుడు ఎగరండి హాజీ, మేం చూస్తాం. కిటికీ తియ్యమంటారా?"

"పెద్దాయన్ని వదిలెయ్యండ్రా," అంది శపించిన ఆవిడ. "తప్పు ఆయనదా? వాళ్ళు మైకు పెట్టారు, ఆయన వాగాడు. మనల్నెవడూ అడగలేదు, అంతే తేడా."

ఆ మాట వెక్కిరింతకన్నా లోతుగా దిగింది. వగీహ్ కిటికీవైపు తిరిగి కూర్చున్నాడు. బస్సు పెద్ద వంతెన ఎక్కింది. ఎక్కి, అక్కడ బారులు తీరి నిలిచిన బళ్ళ వెనక చతికిలబడింది. పది వరసలు వంతెన మీద మూడవుతాయని ఏ టీవీ చెప్పలేదు. బస్సు ఒక్కొక్క అడుగే జరుగుతుంటే, వగీహ్ మనసులో మాట సిద్ధం చేసుకున్నాడు. 'నువ్వన్నదే నిజం' అంటే పొగరుగా ఉంటుందేమో. 'నన్ను క్షమించు' అంటే బక్రీ నవ్వుతాడేమో. చివరికి ముందు పక్కన కూర్చుందాం, మాట దానంతటదే వస్తుందిలే అనుకున్నాడు.

కూడలి దగ్గర దిగి, ఇంకో బస్సెక్కి, టీకొట్టు ముందు దిగేసరికి ఎండ గోడలెక్కేసింది. నీలం జుబ్బా కనిపించలేదు. బక్రీ కూర్చునే కుర్చీలో ఒక కుర్ర బడిపంతులు కాళ్ళు చాపుకుని హుక్కా పీలుస్తున్నాడు.

జాబిర్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. చెప్పడానికి ఇబ్బందిపడ్డాడు.

"మీ కోసం చాలాసేపు చూశాడు ఉస్తాద్. వ్యాను వచ్చింది, ఎక్కనన్నాడు. వ్యానువాడు గోల. ఇక్కడ బండి నిలిపితే కెమెరా పట్టేస్తుందిగా. ఒకసారి మెరిసింది, జరిమానా పడింది. సమాహ్ బతిమాలింది. వగీహ్ వస్తాడే అని బక్రీ అంటూనే ఉన్నాడు. రెండోసారి మెరిసేసరికి ఆ పిల్ల ఏడుపు మొదలెట్టింది. ఇక ఏం చేస్తాడు, ఎక్కాడు."

కెమెరాలు. వాటి గురించి కూడా తను మైకులో దంచాడు.

"అక్కడికి బస్సులున్నాయా? ఆ కొత్త ఊరికి?"

"ఉన్నాయంటారు ఉస్తాద్. ఎక్కినవాణ్ణి నేను చూళ్ళేదు."

"ఏమైనా చెప్పమన్నాడా?"

"లేదు. చెప్పాల్సింది మీరుగా?"

వగీహ్ పక్క బల్ల దగ్గర కూలబడ్డాడు. జాబిర్ అడక్కుండానే టీ పెట్టి వెళ్ళాడు. బల్ల మీద ఇంకో గ్లాసు లేకపోతే, టీ ఎంత తియ్యగా ఉన్నా మందు తాగినట్టే ఉంది.

"ఎవరాయన?" అన్నాడు కుర్చీలోని పంతులు, ఊసుపోక.

"బక్రీ. దూది ఏకేవాడు. ఈ రోడ్డులో మనిషి నడవటానికి వరస లేదన్నాడు. ఆయన మాటే నిజం. నాది తప్పు."

అనేశాడు. ముల్లు బయటికొచ్చింది. కానీ అందుకోవాల్సిన మనిషి లేడు.

పంతులు పొగ వదిలి, దయగా నవ్వాడు. "అలా అనకండి హాజీ. రోడ్డుకేమైంది? పెద్దవాళ్ళకి కొత్తది అలవాటవ్వాలి, అంతే. నేను బడి నుంచి ఇంటికి పోవాలంటే ముందు ఎంత సేపు పట్టేదో! ఇప్పుడు చిటికెలో పోతున్నా. నిబంధనలు కాస్త కష్టంగానే ఉంటాయి, దేశం బాగుపడాలంటే తప్పదు."

ఒక్కో మాటా వగీహ్ గుర్తుపట్టాడు. అన్నీ తనవే, కాస్త తక్కువ అరిగినవి. జవాబు చెప్పాలి. ఇక్కడ బక్రీ ఉంటే ఏమనేవాడో అది చెప్పాలి. నోరు తెరిచాడు. ఇన్నేళ్ళు ఎదురుగా కూర్చున్నాడు గానీ, బక్రీ మాటని ఖండించడమే నేర్చుకున్నాడు, నిలబెట్టడం నేర్చుకోలేదు. గ్లాసెత్తి టీ తాగాడు.

అవతల దీపాలు వెలిగాయి. గోడకి ఆవల ఎహ్సాన్ బాల్కనీలోకి వచ్చి, కమ్మీ మీద వంగి ఇటే చూస్తోంది. దొరికాడా అన్నట్టు చెయ్యి తిప్పింది. వగీహ్ చేతులు ఒళ్ళోనే ఉంచుకున్నాడు.

"ఇంటికెళ్ళాలి," అన్నాడు మెల్లగా.

"ఎక్కడ హాజీ మీ ఇల్లు?"

వగీహ్ వేలెత్తి చూపించాడు. పంతులు ఆ వేలు వెంట చూశాడు, ఆ బాల్కనీని చూశాడు, అందులో ఆడమనిషిని కూడా చూశాడు.

"ఇంతేనా!" అన్నాడు. "అబ్బ, ఎంత దగ్గరో!"