చిన్నమ్మ ఇచ్చిన నీలి ఏనుగు

చిన్నమ్మ లేదని చంద్లాపూర్ నుంచి ఫోన్ వచ్చి ఇయ్యాలటికి పదిహేను రోజులు. పొద్దున చాయ్ తాగి, గోడకు ఒరిగి కూసున్నది కూసున్నట్టే పోయిందని చిన్నాయిన చెప్పిండు. మూడేండ్ల సంది వారానికి మూడుసార్లు సిద్దిపేట బస్టాండుల ఆమెను దించుకొని డయాలసిస్‌కు తోల్కపోయింది నేను. అందుకే ఈ నాలుగు మాటలు మీకు చెప్పాలనిపించింది.

చిన్నమ్మది మగ్గం ఇల్లు. పెండ్లయిన కాడికెల్లి కండెలు చుట్టిన చేతులు ఆమెవి. అసొంటి మనిషి ఎడమ చేతికి రెండు సూదులు పెట్టించుకొని, నాలుగు గంటలు కదలకుండ పండుకోవాలె. రెండు నెలలు ఓర్చుకున్నది. ఒకనాడు బస్సు దిగంగనే నా చెయ్యి పట్టుకున్నది.

"ఇగ నేను రాను బిడ్డా. పైకప్పు చూసుకుంట బతుకుడు నాతోని కాదు."

బతిలాడి, ఇయ్యాల ఒక్కనాడు అని లోపలికి తీస్కపోయిన.

ఆ రోజే పక్క మంచం మీదికి రాయపోల్ అమ్మాయి కొత్తగ వచ్చింది. డిగ్రీ చదువుతుండంగ కిడ్నీలు పాడైనయట. వాళ్లమ్మ తలుపు కాడ స్టూలు మీద కూసున్నది. ఆ పిల్ల ఎవ్వరితోని మాట్లాడకుండ ఫోన్ల మొకం పెట్టింది. చిన్నమ్మ అరగంట చూసి, ఉండబట్టలేక అడిగింది.

"ఏందమ్మా గది? పేకాటనా?"

"కాదు పెద్దమ్మా. కార్డుల ఆటనే గని పేకాట కాదు. ఒక్కో కార్డుకు ఒక్కో బలం ఉంటది. మనకు నచ్చినయి ఏరుకొని కట్ట చేసుకోవాలె. అవతల ఇంకెవరో వాళ్ల కట్టతోని ఆడుతరు."

"అవతలంటే యాడ?"

"ఏమో. ఏ ఊరోళ్లో, ఏ దేశమోళ్లో."

"నాకు నేర్పుతవా?"

ఆ పిల్ల అప్పుడు తలెత్తి చిన్నమ్మ దిక్కు చూసింది.

నా ఫోన్ల ఆ ఆట ఎక్కించినం. చిన్నమ్మకు ఇంగ్లీషు చదవరాదు. బొమ్మ చూసి తనే పేర్లు పెట్టుకున్నది. ఎర్ర గద్ద, అద్దాల ముసల్ది, కోపం తాత. చీరె అంచుల బొమ్మలు గుర్తుపెట్టుకున్నట్టే ఏ కార్డు ఏం చేస్తదో గుర్తుపెట్టుకునేది. దిండు మీద ఫోన్ నిలబెట్టి, కుడిచేతి ఒక్క వేలుతోని ఆడేది. ఆడిందల్లా ఓడేది. పెద్ద పెద్ద కార్డులే ఏరి కట్ట నింపుకునేది. ఆట మొదట్ల వాటిని దించే బలం ఉండకపోయేది.

"చిన్నయి గూడ పెట్టుకో పెద్దమ్మా. వంతు వంతుకు నీ బలం పెరుగుతది. పెద్దయి అప్పుడు దించు. అందాక చిన్నయే నిన్ను కాపాడుతయి" అని ఆ పిల్ల ఓపికగ చెప్పేది.

"ఓడితే ఏమైతది, మళ్ల కొత్తగ పంచుతరు గదా" అనేది చిన్నమ్మ. ఆ మాట ఆమె నోట ఎన్నిసార్లు విన్ననో.

మూడో వారం గెలిచింది. ఆమె కేకకు సిస్టర్ ఉరికొచ్చింది. "ఏమైందమ్మా, సూది కదిలిందా?" "గెలిచిన సిస్టర్!" అన్నది చిన్నమ్మ. వార్డంత నవ్వింది. రాయపోల్ అమ్మాయి నవ్వంగ వాళ్లమ్మ కొంగుతోని కండ్లు తుడుచుకునుడు నేను చూసిన. ఆ తర్వాత రాను అన్న మాట చిన్నమ్మ మళ్ల ఎత్తలేదు.

కిడ్నీ మార్చే ఆపరేషన్‌కు చిన్నమ్మ గుండె తట్టుకోదని డాక్టర్లు ముందే చెప్పిన్రు. ఆ పిల్ల సంగతి వేరే. వాళ్లమ్మ కిడ్నీ సరిపోతదని తేలింది. పిల్లనే ఒప్పుకోలేదు. "మా అమ్మను కోసి నేను బతకాల్నా?" అని మొండికేసింది. వాళ్లమ్మ చెప్పి చెప్పి అలిసిపోయింది.

ఆ ఆటల కార్డులు ఒకరికొకరు మార్చుకోవచ్చు. రోజూ ఉత్తగ వచ్చే కార్డుల పొట్లంల ఒకనాడు చిన్నమ్మకు నీలి ఏనుగు కార్డు పడ్డది. ఆ పిల్ల ఎన్నో నెలల సంది దాని కోసమే చూస్తుంది. చిన్నమ్మ ఒక్క నిమిషం గూడ ఆలోచించలేదు. ఏనుగును ఇచ్చి, బదులుకు ఎవరూ అడగని ఒక కప్ప కార్డు తీసుకుంట అన్నది.

"వద్దు పెద్దమ్మా! నువ్వు మోసపోతున్నవ్. మళ్ల రాదు గది."

"నాకు ఇయ్యబుద్ధయింది, ఇస్తున్న. నువ్వు తీసుకుంటే నాకు సంబురం. నువ్వు వద్దంటే గా ఏనుగు నా దగ్గర ఉండి ఏం జేస్తది?"

చిన్నమ్మ గొంతు తగ్గించి, "మీ అమ్మ అడిగేది గూడ గింతే బిడ్డా" అన్నది.

ఆ పిల్ల గోడ దిక్కు తిరిగింది. మిషిన్లు నడుస్తనే ఉన్నయి. చాలాసేపటికి ఆ పిల్ల ఫోన్ తీసుకొని, కార్డు మార్పిడికి ఒప్పుకున్నట్టు గుర్తు నొక్కింది. ఆ నెలల్నే ఆపరేషన్‌కు సంతకం పెట్టింది.

హైదరాబాదుల ఆపరేషన్ అయినంక ఆ పిల్ల మళ్ల వార్డుకు రాలేదు. అయినా చిన్నమ్మకు సూదులు పెట్టే టైముకు సరిగ్గ రాయపోల్ నుంచి ఆటకు పిలుపు వచ్చేది. ఇద్దరూ ఏడాదికి పైగ ఆడుకున్నరు. చివరి దినాలల్ల చిన్నమ్మ ఎక్కువసార్లు గెలిచేది. ఆ పిల్ల కావాలనే ఓడుతుందేమో అని నాకు అనుమానం. చిన్నమ్మకు మాత్రం ఆ అనుమానం రానేలేదు.

మొన్న పదోనాడు తల్లీబిడ్డ ఇద్దరు వచ్చిన్రు. పిల్ల ఒళ్లు చేసింది, బుగ్గలొచ్చినయి, మొకానికి మాస్కు. చిన్నమ్మ ఫోటో ముందు జరసేపు నిలబడి, బయటికొచ్చి అరుగు మీద కూసున్నది. మంచి ఎండ. నేను చెంబుతోని నీళ్లు తెచ్చిన. డయాలసిస్ మీద ఉన్నోళ్లు నీళ్లు కొలుచుకొని తాగాలె, గొంతు తడిసేటంతనే. నాకు ఆ అలవాటే ఉండి గ్లాసుల సగమే పోయబోయిన.

ఆ పిల్ల మాస్కు కిందికి జరిపి, నా చేతిల చెంబే అందుకున్నది. తల వెనుకకు ఎత్తి గటగటా తాగింది. నీళ్లు గదుమ మీదికెల్లి మెడ మీదికి కారుతున్నయి. వాళ్లమ్మ పక్కన నిలబడి చూస్తుంది. పిల్ల ఖాళీ చెంబు నా ముందుకు చాపి, మూతి తుడుచుకొని అన్నది.

"ఇంకిన్ని పొయ్యి అక్కా."